మేడమీది ట్యాంకు, కింది మోటారు: రేడియోతో నడిచే నీటి నియంత్రణను ఇంట్లో కట్టుకొనే విధానం

కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే హైదరాబాద్ కాలనీల్లో సంపు నింపుకోవడం ఒక పని, ఆ నీటిని మేడమీది ట్యాంకుకు ఎక్కించడం మరో పని. ఈ రెండో పనిని యంత్రానికి అప్పగించడం ఎలాగని అడిగేవారు సాధారణంగా ముందు సర్క్యూట్ బొమ్మ పంపమంటారు. బొమ్మ గీయడం అరగంట పని. ఏ సామాను కొనాలి, ఏది ముందు బిగించాలి, మేడమీద వైరు తెగితే కింద మోటారు ఏం చేయాలి అన్న వాటికే ఎక్కువ సమయం పడుతుంది. అందుకే ఈ వ్యాసంలో వాటికే ఎక్కువ చోటిచ్చాను.

ఇక్కడ చెప్పేది నాలుగైదు అంతస్తుల భవనానికి సరిపోతుంది. కింద సంపు, దాని పక్కన అర హెచ్‌పీ నుంచి ఒక హెచ్‌పీ వరకు సింగిల్ ఫేజ్ మోనోబ్లాక్ మోటారు, మేడమీద 1000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉన్నాయనుకుందాం. మేడమీది పెట్టె ఫ్లోట్ల (నీటితో పాటు లేచి దిగే స్విచ్‌ల) ద్వారా ట్యాంకు మట్టం చూసి రేడియోలో కబురు పంపుతుంది, కింది పెట్టె ఆ కబురును బట్టి మోటారును నడుపుతుంది లేదా ఆపుతుంది. బోరు సబ్‌మెర్సిబుల్‌కు ఈ పద్ధతిని యథాతథంగా వాడకూడదు. దాని ప్యానెల్‌లో స్టార్టింగ్ కెపాసిటర్ ఉంటుంది, చాలా ప్యానెళ్లలో పచ్చ బటన్‌ను కాసేపు నొక్కి వదలాలి కూడా. ఆ వరుసను అనుకరించే ప్రోగ్రాం వేరు.

1. పని మొదలుపెట్టే ముందు ఒక నియమం

తెలియనప్పుడు మోటారు ఆగి ఉండాలి. కాగితంపై ముందు ఈ వాక్యం రాసుకోండి.

రేడియో కబురు రాలేదు, ఫ్లోట్ వైరు తెగింది, బోర్డు స్తంభించింది, కరెంటు పోయి వచ్చింది: అన్నింటికీ ఒకటే జవాబు. ట్యాంకు నిండకపోతే ఎవరో ఒకరు కిందికి దిగి స్విచ్ వేస్తారు, అంతే. సంపు ఖాళీ అయ్యాక కూడా మోటారు తిరుగుతూ ఉంటే ముందు సీల్, తరువాత వైండింగ్ పోతాయి. ఇకపై ఏ భాగాన్ని ఎందుకు అలా బిగించమన్నానో అనుమానం వస్తే ఈ వాక్యంతో సరిచూసుకోండి.

2. కొనకముందు కొలవాల్సినవి

- మోటారు నడుస్తుండగా మేడమీద ట్యాంకులో పడే ధార కింద 20 లీటర్ల బకెట్ పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూడండి. 24 సెకన్లు పడితే నిమిషానికి 50 లీటర్లు ఎక్కుతున్నట్టు.
- ట్యాంకు వ్యాసం, పొర్లు గొట్టం ఎత్తు కొలవండి.
- మోటారు నేమ్‌ప్లేట్‌పై ఉన్న ఆంపియర్లు రాసుకోండి.
- ఇప్పుడున్న స్విచ్‌బోర్డును, వైర్లు కనిపించేలా, మెయిన్ ఆపి ఫోటో తీసుకోండి.
- మేడమీద వాన తగలని ప్లగ్ పాయింట్ ఎక్కడుందో చూడండి. లిఫ్ట్ గది గానీ మెట్ల గది గానీ మంచిది.

ఈ అంకెలు అలంకారానికి కావు. 1.1 మీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకులో దాదాపు 9.5 లీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున నీరు పెరుగుతుంది. నిమిషానికి 50 లీటర్ల ధారతో, రేడియో తెగిపోయిన తరువాత రెండు నిమిషాలు మోటారు నడిచిందనుకుంటే 100 లీటర్లు, అంటే పదిన్నర సెంటీమీటర్లు ఎక్కువ ఎక్కుతుంది. కాబట్టి పై ఫ్లోట్‌ను పొర్లు గొట్టానికి 15 సెంటీమీటర్లు కిందగా బిగిస్తే, కబురు అందని సందర్భంలో కూడా మేడ తడవదు. మీ ధార ఇంతకంటే ఎక్కువైతే ఈ దూరాన్ని పెంచండి.

3. సామాను

చిన్న సామానంతా కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. కాంటాక్టర్ (మోటారు కరెంటును కలిపి తెంచే పెద్ద రిలే), ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్) వంటివి ట్రూప్ బజార్‌లో గానీ రాణిగంజ్‌లో గానీ తీసుకోవచ్చు. దుకాణానికి వెళ్లేటప్పుడు మోటారు నేమ్‌ప్లేట్ ఫోటో దగ్గర ఉంచుకోండి.

మేడమీది పెట్టెకు:

- ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రాం నడిపే చిన్న కంప్యూటర్) ఒకటి
- 865 మెగాహెర్ట్జ్‌కు పనిచేసే లోరా మాడ్యూల్ (తక్కువ శక్తితో దూరానికి చిన్న కబుర్లు పంపే రేడియో), దానికి తగిన యాంటెన్నా
- అయస్కాంతపు ఫ్లోట్ స్విచ్‌లు రెండు
- 12 వోల్టుల అడాప్టర్, 5 వోల్టులకు దించే బక్ కన్వర్టర్
- ఐపీ65 (దుమ్ము, వాన దూరని) ప్లాస్టిక్ పెట్టె, కేబుల్ గ్లాండ్లు (తీగ దూరే రంధ్రాన్ని బిగించే మరలు)

కింది పెట్టెకు:

- ఈఎస్‌పీ32, లోరా మాడ్యూల్, యాంటెన్నా మరో జత. వీటికి 5 వోల్టుల అడాప్టర్
- 5 వోల్టుల రిలే బోర్డు
- 230 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టర్, ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేది)
- ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కు లీకైతే ఆపే స్విచ్)
- ఆటో, ఆఫ్, మాన్యువల్ అని మూడు స్థానాలున్న సెలెక్టర్ స్విచ్
- సంపు కోసం ఒక ఫ్లోట్, 12 వోల్టుల రిలే, 12 వోల్టుల అడాప్టర్
- బజర్

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు లోరా మాడ్యూల్ దగ్గరే. చవకగా కనిపించే రా-02 మాడ్యూల్ 433 మెగాహెర్ట్జ్‌ది. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు విడిగా లైసెన్సు అక్కరలేదు. అక్కడ 1 వాట్ ప్రసార శక్తి, 200 కిలోహెర్ట్జ్ వెడల్పు వరకు అనుమతి ఉంది. 433లో ఉన్న మినహాయింపు 10 మిల్లీవాట్లకు, గది లోపలి వాడకానికి, చాలా ఇరుకైన చానళ్లకు పరిమితం. అందువల్ల రా-01హెచ్ గానీ, 868 రకం ఆర్‌ఎఫ్‌ఎం95 గానీ అడిగి తీసుకోండి. వీటి కాళ్ల మధ్య దూరం 2 మిల్లీమీటర్లు కావడంతో మామూలు బ్రెడ్‌బోర్డులో దిగవు. అడాప్టర్ పలకతో సహా కొనండి.

మేడమీద బ్యాటరీ, సోలార్ పలక పెడదామా అని చాలామంది అడుగుతారు. నా ఉద్దేశంలో అక్కరలేదు. కరెంటు లేనప్పుడు మోటారు ఎలాగూ నడవదు. బ్యాటరీ చేర్చితే మన ఎండలో అదే ముందు పాడవుతుంది.

4. ఫ్లోట్లను బిగించడం

నీటి మట్టం కొలవడానికి అల్ట్రాసోనిక్ సెన్సార్ అందంగానే ఉంటుంది. అయితే మూత వేసిన ట్యాంకులో తెల్లవారుజామున దాని ముఖంపై నీటి బిందువులు పట్టి తప్పుడు లెక్కలు వస్తాయి. పైగా వాటర్‌ప్రూఫ్ రకానికి 20 సెంటీమీటర్ల పైచిలుకు దగ్గరి దూరం కనిపించదు. ఎంత శాతం నిండిందో ఫోన్‌లో చూసుకోవాలన్న సరదా ఉంటే చేర్చుకోండి, కానీ మోటారును ఆపే నిర్ణయం మాత్రం ఫ్లోట్లకే వదలండి.

కింది ఫ్లోట్‌ను ట్యాంకు ఎత్తులో మూడో వంతు దగ్గర, పై ఫ్లోట్‌ను పొర్లు గొట్టానికి 15 సెంటీమీటర్లు కింద ఉంచండి. ఒక పీవీసీ గొట్టానికి రెండింటినీ బిగించి మూత రంధ్రం గుండా నిలువుగా దించితే, ట్యాంకు కడిగేటప్పుడు మొత్తంగా బయటకు తీయవచ్చు.

కాంటాక్టు దిశ జాగ్రత్తగా చూడాలి. నీరు ఫ్లోట్‌ను తాకనప్పుడు కాంటాక్టు మూసి ఉండాలి, నీరు తాకి ఫ్లోట్ లేచినప్పుడు తెరుచుకోవాలి. చాలా రకాల్లో తేలే ముక్కను తీసి తిరగేస్తే ఈ దిశ మారుతుంది. ఇలా బిగిస్తే వైరు తెగినా, కోతి లాగి పారేసినా, బోర్డుకు అది ట్యాంకు నిండినట్టుగానే కనిపిస్తుంది. దిశ తారుమారైతే తెగిన వైరు ఖాళీ ట్యాంకులా కనిపించి మోటారును నడిపిస్తుంది.

ఈఎస్‌పీ32లో 32, 33 పిన్నులను ఫ్లోట్లకు వాడండి. ప్రతి పిన్ను నుంచి 3.3 వోల్టులకు 10 కిలోఓముల రెసిస్టర్, బోర్డు గ్రౌండ్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. 34 నుంచి 39 వరకు ఉన్న పిన్నుల్లో లోపలి పుల్-అప్ (పిన్నును 3.3 వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టర్) ఉండదు. 12వ పిన్ను బోర్డు మొదలయ్యేటప్పుడు పై వోల్టేజీలో ఉంటే బోర్డు అసలు లేవకపోవచ్చు. ఈ రెండు సంగతులు తెలియక బోర్డు చెడిపోయిందని పారేసినవారు ఉన్నారు.

5. రేడియో

1. యాంటెన్నా బిగించకుండా మాడ్యూల్‌కు కరెంటు ఇవ్వకండి. ప్రసారం చేసే భాగం దెబ్బతినవచ్చు.
2. మాడ్యూల్‌కు 3.3 వోల్టులే ఇవ్వాలి. దాని కాళ్ల పక్కనే 100 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు వేయండి. ప్రసారం మొదలైన క్షణంలో వోల్టేజీ కుంగడమే చాలా వింత లోపాలకు మూలం.
3. ఎస్‌పీఐ తీగలు (బోర్డు, మాడ్యూల్ మాట్లాడుకొనేవి), ఈఎస్‌పీ32 పిన్ను సంఖ్యలతో: క్లాక్ 18కి, మిసో 19కి, మోసి 23కి, ఎంపిక పిన్ను 5కి, రీసెట్ 14కి, డీఐఓ0 26కి.
4. ఫ్రీక్వెన్సీ 866.5 మెగాహెర్ట్జ్, బ్యాండ్‌విడ్త్ 125 కిలోహెర్ట్జ్, స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (పెంచితే కబురు నెమ్మదై, ఎక్కువ దూరం చేరే అమరిక) 9, శక్తి 14 డీబీఎం, అంటే 25 మిల్లీవాట్లు. మన దేశపు లోరావాన్ (లోరాతో నడిచే ఉమ్మడి నెట్‌వర్క్) సాధారణ చానళ్లు 865.0625, 865.4025, 865.985 దగ్గర ఉంటాయి కనుక కాస్త దూరంగా ఉండటం మర్యాద.
5. యాంటెన్నా కొనకుండా రాగి తీగతో చేసుకుంటే పొడవు దాదాపు 82 నుంచి 86 మిల్లీమీటర్లు. ఇది తరంగంలో పావు వంతు.

కబురు 12 బైట్లు చాలు: పెట్టె గుర్తు, వరుస సంఖ్య, రెండు ఫ్లోట్ల స్థితి, సరఫరా వోల్టేజీ, కబురు దారిలో చెడిందేమో పట్టే మొత్తం (చెక్‌సమ్). పై అమరికతో ఇది గాలిలో ఉండేది సుమారు 0.15 సెకను. ప్రతి 30 సెకన్లకు ఒకసారి, ఫ్లోట్ స్థితి మారిన వెంటనే మరోసారి పంపండి. అన్ని పెట్టెలకూ ఒకటే గుర్తు ఇస్తే, పక్క భవనంలో మీ మిత్రుడు ఇదే కట్టుకున్ననాడు ఆయన ట్యాంకు మీ మోటారును నడుపుతుంది!

స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 9 వద్ద మాడ్యూల్ మైనస్ 129 డీబీఎం వరకు వినగలదు. మోటారు గది తలుపు వేసి, పెట్టె మూత పెట్టి చూసినప్పుడు అందే సిగ్నల్ బలం మైనస్ 110 డీబీఎం కంటే మెరుగ్గా వస్తే సరిపోతుంది. రాకపోతే శక్తి పెంచే ముందు యాంటెన్నాను ఇనుప షట్టర్‌కు, లిఫ్ట్ గోడకు దూరంగా జరిపి చూడండి.

6. మోటారు వైపు వైరింగ్

ఈ భాగంలో 230 వోల్టులు ఉన్నాయి. కాగితంపై మీరు గీసినా, బిగించే పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

రిలే బోర్డుపై 10 ఆంపియర్లు అని రాసి ఉన్నంత మాత్రాన మోటారును నేరుగా దానికి తగిలించకూడదు. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు తీసుకొనే కరెంటు ఆ అంకెలోపే ఉండవచ్చు, కానీ మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు తీసుకుంటుంది. నా మొదటి ప్రయత్నంలో మూడో వారానికే రిలే కాంటాక్టులు అతుక్కుపోయి, ప్రోగ్రాం ఆపమన్నా మోటారు ఆగక, తెల్లారేసరికి మేడమీది నుంచి మెట్ల మీదుగా నీళ్లు కారాయి. మా వాచ్‌మన్ ఆ సంగతి ఇప్పటికీ గుర్తుచేస్తుంటాడు.

కాబట్టి చిన్న రిలే కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే నడపాలి. కాంటాక్టర్ మోటారును నడపాలి. కాంటాక్టర్‌పై ఏసీ-1, ఏసీ-3 అని రెండు అంకెలు ఉంటాయి. ఏసీ-1 హీటర్ల వంటి వాటికి, ఏసీ-3 మోటార్లకు. రెండో అంకె చూసి, ఒక హెచ్‌పీకి 16 ఆంపియర్లకు తగ్గకుండా తీసుకోండి.

వరుస ఇలా ఉండాలి:

- ఎంసీబీ, ఆర్‌సీసీబీ, ఆ తరువాత సెలెక్టర్ స్విచ్.
- ఆటో స్థానంలో: సెలెక్టర్ నుంచి ఈఎస్‌పీ32 రిలే కాంటాక్టు, దాని తరువాత సంపు రిలే కాంటాక్టు, చివర కాంటాక్టర్ కాయిల్.
- మాన్యువల్ స్థానంలో: సెలెక్టర్ నుంచి నేరుగా సంపు రిలే కాంటాక్టు, కాయిల్.
- ఓవర్‌లోడ్ రిలే తెరుచుకొనే కాంటాక్టు రెండింటికీ ఉమ్మడిగా, కాయిల్‌తో సిరీస్‌లో.
- మోటారు బాడీకి ఎర్త్. ఇది లేకుండా ముందుకు వెళ్లకండి.

సంపు ఫ్లోట్‌ను ప్రోగ్రాంకు అప్పగించలేదని గమనించే ఉంటారు. అది 12 వోల్టుల రిలేను నేరుగా నడుపుతుంది. సంపులో నీరు తగ్గితే రిలే వదులుతుంది, కాయిల్ ఆగుతుంది. ఈఎస్‌పీ32 ఊడదీసి ఇంట్లో పెట్టుకున్నా, ఎవరైనా మాన్యువల్‌లో వేసి మరిచిపోయినా ఖాళీ సంపులో మోటారు నడవదు. 230 వోల్టుల ఫ్లోట్లు దొరుకుతాయి గానీ, మనుషులు దిగి కడిగే సంపులోకి ఆ వోల్టేజీని పంపడం నాకు ఇష్టం లేదు.

కాయిల్ రెండు చివరల మధ్య 100 ఓములు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం కెపాసిటర్ సిరీస్‌లో వేయండి. ఇది లేకపోతే కాంటాక్టర్ వదిలిన ప్రతిసారీ ఈఎస్‌పీ32 రీసెట్ అయ్యే అవకాశం ఉంది.

రిలే బోర్డులు ఎక్కువగా పిన్ను కింది వోల్టేజీకి దిగినప్పుడు పనిచేసే రకం. వాటికి 5 వోల్టులిచ్చి 3.3 వోల్టుల పిన్నుతో నడిపితే రిలే పూర్తిగా వదలకపోవచ్చు. బోర్డుపై జేడీ-వీసీసీ జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు) తీసేసి, వీసీసీకి 3.3, జేడీ-వీసీసీకి 5 వోల్టులు ఇవ్వండి. రిలే పిన్ను నుంచి 3.3 వోల్టులకు 10 కిలోఓముల రెసిస్టర్ పెడితే, బోర్డు లేచే క్షణంలో మోటారు ఒక్కసారి ఉలిక్కిపడటం కూడా ఆగుతుంది.

7. ప్రోగ్రాం

మూడే స్థితులు పెట్టుకోండి: ఆగి ఉంది, నడుస్తోంది, లోపం. ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లే దారులు ఇవే:

- రెండు ఫ్లోట్లూ ఖాళీ అని వరుసగా రెండు కబుర్లు వస్తేనే మోటారు మొదలవ్వాలి.
- పై ఫ్లోట్ నిండిందని ఒక్క కబురు వచ్చినా ఆగాలి.
- రెండు నిమిషాలు కబురు లేకపోతే ఆగాలి.
- గరిష్ఠ సమయం దాటితే ఆగి, లోపం స్థితికి వెళ్లి, బజర్ మోగించాలి. మనిషి వచ్చి సెలెక్టర్ తిప్పితేనే ఆ స్థితి వదలాలి. దీని కోసం సెలెక్టర్‌లో విడిగా ఒక కాంటాక్టు బ్లాకు పెట్టి ఈఎస్‌పీ32కు కలపండి.
- పై ఫ్లోట్ నిండింది, కింది ఫ్లోట్ ఖాళీ అని ఒకేసారి వస్తే అది అసాధ్యం, అదీ లోపమే.
- ఆగిన తరువాత ఐదు నిమిషాలు, కరెంటు వచ్చిన తరువాత ఒక నిమిషం ఆగి మాత్రమే మళ్లీ మొదలవ్వాలి.

గరిష్ఠ సమయాన్ని ఊహించకండి. రెండు ఫ్లోట్ల మధ్య 600 లీటర్లుంటే నిమిషానికి 50 చొప్పున 12 నిమిషాలు. నిండుతున్నప్పుడు ఇళ్లలో వాడకం కూడా ఉంటుంది కనుక ఒకటిన్నర రెట్లు, అంటే 18 నిమిషాలు పెట్టండి.

నీటి అలలకు ఫ్లోట్ ఊగుతుంది. ఐదు సెకన్లు ఒకే స్థితిలో ఉంటేనే మారినట్టు లెక్కించండి.

సమయం లెక్కించే మిల్లీసెకన్ల గణకం 49.7 రోజులకు ఒకసారి సున్నాకు తిరుగుతుంది. ఇప్పటి సమయం నుంచి పాత సమయాన్ని తీసివేసి వచ్చిన తేడాను రుణ గుర్తు లేని (అన్‌సైన్డ్) సంఖ్యగా పోల్చితే ఇబ్బంది లేదు. పాత సమయానికి వ్యవధి కలిపి పోల్చితే, ఏడువారాలు చక్కగా నడిచిన పెట్టె ఒక రోజు అర్థం లేకుండా ప్రవర్తిస్తుంది.

వాచ్‌డాగ్‌ను (ప్రోగ్రాం స్తంభిస్తే బోర్డును రీసెట్ చేసే గడియారాన్ని) 8 సెకన్లకు పెట్టండి. వైఫై కలిసేదాకా ఆగే పంక్తిని మొదట్లో పెట్టకండి. వైఫై ఫోన్‌లో చూపడానికి మాత్రమే, అది లేకున్నా నియంత్రణ సాగాలి.

8. బల్బుతో మూడు రోజులు

మోటారు బదులు 60 వాట్ల బల్బు తగిలించి, కాంటాక్టర్‌తో సహా మొత్తం బల్లపై పరీక్షించండి. ఫ్లోట్లను చేత్తో ఎత్తి దించండి. ప్రతిసారీ బల్బు వెలుగుతుండగా ఇవి చేసి, ఆరడానికి పట్టిన సమయం రాసుకోండి:

- పై ఫ్లోట్ వైరు ఊడదీయడం: ఐదారు సెకన్లు
- మేడమీది పెట్టెకు కరెంటు తీయడం: రెండు నిమిషాలు
- కింది ఈఎస్‌పీ32 రీసెట్ నొక్కడం: వెంటనే
- సంపు ఫ్లోట్ దించడం: వెంటనే, మాన్యువల్‌లో కూడా
- ఫ్లోట్లను కదపకుండా వదిలేయడం: గరిష్ఠ సమయానికి, బజర్‌తో

ఇందులో ఏ ఒక్కటి తప్పినా మేడ ఎక్కకండి. బల్ల దగ్గర పది నిమిషాల్లో దొరికే లోపం మేడమీద ఒక పూట తింటుంది.

9. బిగింపు

అడాప్టర్‌ను మెట్ల గదిలోనే ఉంచి, 12 వోల్టుల తీగనే ట్యాంకు దగ్గరకు తీసుకెళ్లండి. 5 వోల్టులనే అంత దూరం పంపితే సన్నని తీగలో కొంత పోయి బోర్డు తరచూ రీసెట్ అవుతుంది. పెట్టెను ట్యాంకు నీడపడే వైపు, గ్లాండ్లు కిందికి చూసేలా బిగించండి. గ్లాండ్‌కు ముందు తీగను కొద్దిగా కిందికి వేలాడదీస్తే వాననీరు అక్కడే జారిపోతుంది. తెల్ల కేబుల్ టైలు ఒక్క వేసవికే పొడిగా రాలిపోతాయి, నల్లవి వాడండి.

కోతులు తిరిగే పేటల్లో బయట కనిపించే తీగనంతా గట్టి పీవీసీ గొట్టంలో నడపక తప్పదు.

10. లోపం కనిపిస్తే ఎక్కడ చూడాలి

మోటారు ఆగిన ప్రతిసారీ కింది బోర్డు రీసెట్ అవుతోంది: కాయిల్‌పై వేయాల్సిన రెసిస్టర్, కెపాసిటర్ లేవు, లేదా బోర్డు తీగలు కాంటాక్టర్ తీగలతో కలిసి ఒకే కట్టలో ఉన్నాయి.

రేడియో కబుర్లు పగలు వచ్చి రాత్రి రావడం లేదు: మోటారు గది షట్టర్ రాత్రి దించుతున్నారేమో చూడండి. యాంటెన్నాను తీగతో గది బయటకు తేవాలి.

కాంటాక్టర్ గుర్రుమంటోంది: వోల్టేజీ తక్కువగా ఉంది, లేదా అయస్కాంత ముఖాల మధ్య దుమ్ము చేరింది. మెయిన్ ఆపి తుడిపించండి.

గరిష్ఠ సమయం లోపం తరచూ వస్తోంది: ముందు మళ్లీ బకెట్ పరీక్ష చేయండి. ధార తగ్గి ఉంటే ఫుట్ వాల్వ్‌లో (సంపులో పైపు చివర ఉండే వాల్వ్) చెత్త గానీ, పైపులో గాలి గానీ కారణం. ప్రోగ్రాంలో అంకె పెంచి ఊరుకోవద్దు.

ట్యాంకు సగం ఉన్నా నిండిందంటోంది: పై ఫ్లోట్ ఇరుక్కుంది. బోరు నీళ్లు లేదా ట్యాంకరు నీళ్లు కలిసే ఇళ్లలో తెల్లటి ఉప్పు పొర కడ్డీపై పేరుకుంటుంది. నిమ్మరసంలో గానీ పలచని వెనిగర్‌లో గానీ గంటసేపు నానబెట్టి, కడిగి, వేలితో కదిపి చూడండి.

11. ఏడాదికి రెండుసార్లు

మార్చిలో ఎండలకు ముందు ఒకసారి, జూన్‌లో వానలకు ముందు మరోసారి ఈ పని చేయండి:

- ఫ్లోట్ల గొట్టం బయటకు తీసి కడగడం
- ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూడటం
- మెయిన్ ఆపి కాంటాక్టర్, ఎంసీబీ స్క్రూలు బిగించడం
- సంపు ఫ్లోట్‌ను చేత్తో దించి మోటారు ఆగుతుందో లేదో చూడటం
- పెట్టె లోపల తేమ, చీమలు ఉన్నాయేమో చూడటం

కింది పెట్టె తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి, దానిపై ఏ రంగు తీగ ఎక్కడికి వెళ్తుందో, గరిష్ఠ సమయం ఎంతో, బజర్ మోగితే ఏ స్విచ్ ఎటు తిప్పాలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ప్లాస్టిక్ కవరు తొడగండి. మీరు ఊళ్లో లేని రోజున పెట్టె తెరిచేది వాచ్‌మన్ గానీ, మీ పేరు కూడా తెలియని ఎలక్ట్రీషియన్ గానీ అవుతారు.